పవర్ బటన్ నొక్కి పట్టుకున్న 11 మంది: విండోస్ 8 మార్పుపై ఒక కేస్ స్టడీ

2013 మార్చిలో ఒక సాయంత్రం మేము సపోర్ట్ ఇచ్చే అకౌంట్స్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. లెడ్జర్ ఫైల్ తెరుచుకోవడం లేదు, పొద్దున్నే ఆడిట్ ఉంది, వెంటనే రమ్మన్నారు. ఆరు వారాల ముందే అక్కడున్న 38 పాత విండోస్ ఎక్స్‌పీ మెషిన్లు తీసేసి, విండోస్ 8 ఉన్న కొత్తవి పెట్టాం. బ్యాకప్ నుంచి ఫైల్ తెచ్చి పని నడిపించాక, అసలు ఎందుకు పాడైందో చూద్దామని, మెషిన్‌లో జరిగినవి నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్ తెరిచాను. కెర్నల్ పవర్, ఈవెంట్ 41 అని ఎర్ర గుర్తులు వరసగా కనిపించాయి. మెషిన్ సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయి, తర్వాత మళ్లీ ఆన్ అయినప్పుడు రాసుకునే నమోదు అది. దాదాపు ప్రతి పొద్దున్నా ఒకటి ఉంది.

కరెంటు పోయి ఉంటుందని మొదట అనుకున్నాను. కానీ ఆ ఈవెంట్ వివరాల్లో పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అని ఒక గడి ఉంటుంది. కరెంటు పోతే అక్కడ సున్నా ఉంటుంది. ఎవరైనా బటన్ నొక్కి పట్టుకుని ఆపితే సున్నా కాకుండా వేరే అంకె పడుతుంది. ఇక్కడ రోజూ అంకె పడుతోంది.

ఆ సీటులో పనిచేసే మేడంని అడిగాను, సాయంత్రం కంప్యూటర్ ఎలా ఆపుతున్నారని.

"బటన్ ఒకసారి నొక్కితే స్క్రీన్ నల్లబడుతుందండీ, లైటు మాత్రం వెలిగి ఆరుతూనే ఉంటుంది. అందుకని లైటు పూర్తిగా ఆరిపోయే దాకా నొక్కి పట్టుకుంటున్నాను. షట్‌డౌన్ ఎక్కడుందో మీరు మొదటి రోజు చూపించారు, గుర్తులేదు. ఇంత చిన్నదానికి మళ్లీ ఫోన్ చేయడం ఏం బాగుంటుందని ఊరుకున్నాను."

ఒకసారి నొక్కితే మెషిన్ స్లీప్‌లోకి వెళ్లేది, అంటే తెరిచినవన్నీ అలాగే ఉంచుకుని నిద్రపోయేది. లెడ్జర్ తెరిచి ఉండగానే పడుకున్న మెషిన్‌ని ఆమె అలా ఆపేస్తున్నారు. ఆ వారంలోనే మిగతా మెషిన్ల లాగ్‌లు, అంటే ఆ నమోదులన్నీ తీసి చూశాం. 38 మెషిన్లలో 11 ఇలాగే ఆగుతున్నాయి. మా ఫిర్యాదుల రిజిస్టర్‌లో మాత్రం షట్‌డౌన్ గురించి ఒక్క మాట కూడా లేదు. అప్పటికే మేము అందరి చేతా అభిప్రాయాల ఫారం కూడా నింపించాం. అందులోనూ లేదు. ఈ కేసు రాయడానికి కారణం ఇదే. కొత్త డిజైన్ మీద జనం చెప్పే అభిప్రాయం ఒకటి, ఆ డిజైన్ దగ్గర వాళ్ల చేయి ఆగిపోయే చోటు ఇంకొకటి. మేము మొదటిదాన్ని మాత్రమే సేకరించి, పని అయిపోయిందనుకున్నాం.

మార్పు ఎందుకు వచ్చింది

ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో సపోర్ట్ ఆగిపోతుందని ముందే తెలుసు కాబట్టి మెషిన్లు మార్చక తప్పదు. కొత్తవాటిలో విండోస్ 8 ప్రో వచ్చింది. కావాలంటే 7 ప్రోకి వెనక్కి వెళ్లే హక్కు ఆ లైసెన్స్‌లో ఉంది. వెళ్లొద్దని సలహా ఇచ్చింది నేనే. ఎప్పటికైనా నేర్చుకోవాల్సిందే కదా, ఒకేసారి నేర్చుకుంటే పోతుందని నా ఆలోచన. మధ్యలో వచ్చిన విండోస్ విస్టా, 7 రెండూ చూడని మనుషులని ఎక్స్‌పీ నుంచి నేరుగా 8లోకి దించుతున్నామన్న సంగతికి నేను తగినంత బరువు ఇవ్వలేదు.

మైక్రోసాఫ్ట్ ఈ మార్పు ఊరికే చేయలేదు. స్టార్ట్ బటన్ 1995 ఆగస్టులో విండోస్ 95తో వచ్చింది. 17 ఏళ్లు అదే మూలన ఉంది. 2010లో ఐప్యాడ్ వచ్చాక వేలితో తాకి వాడే తెర ముఖ్యమైపోయింది. టాబ్లెట్‌కీ పీసీకీ ఒకటే సిస్టమ్ ఉండాలని స్టీవెన్ సినోఫ్‌స్కీ నడిపిన విండోస్ విభాగం నిర్ణయించుకుంది. 2012 అక్టోబర్ 26న విండోస్ 8, మొదటి సర్ఫేస్ టాబ్లెట్ ఒకే రోజు అమ్మకానికి వచ్చాయి. స్టార్ట్ మెనూ స్థానంలో తెర నిండా పరుచుకునే టైల్స్, అంటే ఒక్కో ప్రోగ్రామ్‌కి ఒక్కో రంగు పలక, వచ్చాయి. షట్‌డౌన్, సెట్టింగ్స్, సెర్చ్ లాంటివి కుడివైపు అంచున దాక్కుని, పాయింటర్ మూలకి వెళ్తేనే బయటికొచ్చే చార్మ్స్ బార్‌లోకి వెళ్లాయి.

స్టార్ట్ మెనూ తీసేయడానికి వాళ్ల దగ్గర లెక్కలు కూడా ఉన్నాయి. విండోస్ 7లో జనం ప్రోగ్రాములని తెర కింద ఉండే టాస్క్‌బార్ మీద పిన్ చేసుకోవడం, అంటే ఎప్పుడూ కనబడేలా అక్కడే పెట్టుకోవడం మొదలుపెట్టాక స్టార్ట్ మెనూ వాడకం తగ్గిందని వాళ్లు అప్పట్లోనే వివరంగా చెప్పారు. ఆ లెక్క తప్పని నేను అనను. దాని నుంచి తీసుకున్న నిర్ణయం తప్పని అంటాను. బీరువా రెండో తాళంచెవి ఏడాదికి ఒక్కసారి కూడా వాడం, అలాగని ఎవరూ పారేయరు. స్టార్ట్ మెనూని రోజూ ఎన్నిసార్లు నొక్కుతున్నారన్నది లెక్కకి అందుతుంది. ఏమీ తోచనప్పుడు మనిషి కన్ను మొదట ఆ మూలకే వెళ్తుందన్నది ఆ లెక్కలో కనబడదు.

మొదటి ఫారం, రెండో ప్రశ్న

మా మొదటి ఫారంలో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు, కింద నాలుగు లైన్ల ఖాళీ పెట్టాం. మార్కులు తక్కువ వచ్చాయి, అది ఊహించిందే. ఖాళీలో ఎక్కువమంది రాసింది రంగుల గురించి. పిల్లల బొమ్మల పుస్తకంలా ఉందని, కళ్లకి ఇబ్బందిగా ఉందని, ఆఫీసు కంప్యూటర్‌లా లేదని రాశారు. మేము వాల్‌పేపర్ మార్చాం, టైల్స్ తగ్గించాం, వార్తలు కదిలే లైవ్ టైల్స్ కొన్ని ఆపేశాం. మూడు వారాల్లో రంగుల మాట ఎవరూ ఎత్తలేదు. మేము మార్చని మెషిన్లలో కూడా ఆ మాట ఆగిపోయింది. అందరికంటే గట్టిగా వినిపించిన ఫిర్యాదు దానంతట అదే చల్లారే రకమని నాకు అప్పుడే తెలిసి ఉండాల్సింది.

షట్‌డౌన్ విషయం బయటపడ్డాక ఫారం పక్కన పెట్టాను. ఎనిమిది మందిని ఎంచుకుని, ఒక్కొక్కరి పక్కన సగం రోజు కూర్చున్నాను. నచ్చిందా లేదా అని అడగలేదు. "చివరిసారి ఎక్కడ ఆగిపోయారు? అప్పుడు ఏం చేశారు?" అని మాత్రమే అడిగాను. మిగతా సమయమంతా చేతులు చూశాను.

అన్నిటికంటే ఎక్కువ నేర్పింది ఒక సీనియర్ అకౌంటెంట్ పక్కన గడిపిన పూట. ఎక్సెల్‌లో ఒక మొత్తం ఉంది, ఏడంకెల సంఖ్య. దాన్ని మరో మొత్తంతో పోల్చడానికి ఆయనకి కాలిక్యులేటర్ కావాలి. ఎక్స్‌పీలో స్టార్ట్ నొక్కితే తెర మూలన చిన్న మెనూ లేచేది, వెనక షీట్ అలాగే కనబడుతూ ఉండేది. ఇక్కడ ఆయన అంకెలు పెదాల మీద అనుకుంటూ విండోస్ కీ నొక్కారు. షీట్ మొత్తం మాయమై టైల్స్ పరుచుకున్నాయి. ఒక టైల్‌లో ఫోటో మారింది. ఆయన చూపు అటు పోయింది, పెదాలు ఆగిపోయాయి. చివరి మూడంకెలు మర్చిపోయారు. ఎస్కేప్ నొక్కి వెనక్కి వచ్చి, పెన్ను తీసి, సంఖ్యని కాగితం మీద రాసుకుని, మళ్లీ కీ నొక్కారు. ఆయన టేబుల్ మీద అలాంటి చీటీలు అప్పటికే చాలా ఉన్నాయి.

కాలిక్యులేటర్‌ని టాస్క్‌బార్ మీద పిన్ చేస్తే సరిపోతుంది కదా సార్ అన్నాను.

"చెయ్యి బాబూ, కాదనను. రేపు ఇంకోటి కావాలి, అప్పుడేం చేస్తాను? నేను చూస్తున్న కాగితం నా ముందు నుంచి లాగేసుకుని, ఇప్పుడు చెప్పు నీకేం కావాలి అని అడుగుతోంది ఇది. పాతది అలా అడిగేది కాదు."

విండోస్ 8 మీద నేను విన్నవాటిలో ఇంతకంటే సూటి మాట లేదు. "స్టార్ట్ మెనూ పోయింది" అని ఫారంలో రాసినవాళ్లు చెప్పదలుచుకున్నది కూడా ఇదే. వాళ్లు అడుగుతున్నది మెనూ రూపం కాదు. చేస్తున్న పని కళ్ల ముందు నుంచి పోకూడదని అడుగుతున్నారు. పని మధ్యలో తెర మొత్తం మారితే, అంతవరకు తెర మీద ఉన్నదాన్ని మనిషి తలలో మోయాలి. ఎనిమిది గంటలు అంకెలతో కూర్చునేవాళ్లకి అది చిన్న బరువు కాదు.

2012 నవంబర్‌లో, వస్తువులు వాడడానికి ఎంత తేలికో పరీక్షించే యూజబిలిటీ నిపుణుడు జేకబ్ నీల్సన్, 12 మంది అనుభవమున్న పీసీ వాడకందార్లతో విండోస్ 8ని పరీక్షించి, ఇలాంటి ఇబ్బందులే బయటపెట్టాడు. ఒకే మెషిన్‌లో టైల్స్, పాత డెస్క్‌టాప్ అని రెండు ప్రపంచాలు ఉండడం వల్ల గుర్తుంచుకోవాల్సినవి పెరిగాయని, పైకి కనబడకుండా దాచిన ఆదేశాలు జనానికి దొరకడం లేదని చెప్పాడు. నేను దాన్ని ముందే చదివాను. చదివి కూడా, ట్రైనింగ్ ఇస్తే సర్దుకుంటుందని నమ్మాను. రెండు గంటల ట్రైనింగ్ ఇచ్చి, కీబోర్డ్ షార్ట్‌కట్లు అచ్చువేసిన కాగితం ప్రతి టేబుల్‌కీ అంటించాం. నెల తర్వాత ఎక్కువమందికి గుర్తున్నది ఒకటే: విండోస్, డి కలిపి నొక్కితే డెస్క్‌టాప్ వస్తుంది. అంటే పాత చోటికి తిరిగి వెళ్లే దారి ఒక్కటే అందరూ దాచుకున్నారు.

మూలలు

దాచిన మూలల గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే అక్కడ డిజైన్ చేసినవాళ్లకి ఒక బలమైన కారణం ఉంది. 1954లో పాల్ ఫిట్స్ చెప్పిన సూత్రం ప్రకారం గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరైతే అంత త్వరగా అందుతుంది. తెర మూల చూడడానికి ఒక చుక్కే అయినా, మౌస్‌ని ఎంత గట్టిగా తోసినా పాయింటర్ అక్కడే ఆగుతుంది కాబట్టి మౌస్‌కి అది చాలా పెద్ద గురి. ఒకే మానిటర్ ఉన్నచోట ఈ తర్కం నిలబడుతుంది.

మా ఆఫీసులో ఆడిట్ టీమ్‌కి రెండేసి మానిటర్లు ఉన్నాయి. వాళ్లు ఎడమ తెర కుడి మూలకి పాయింటర్ తోస్తే అది ఆగకుండా పక్క తెరలోకి జారిపోయేది. ఇది తెలిసే మైక్రోసాఫ్ట్ ఆ మూలల్లో కొన్ని పిక్సెళ్ల మేర పాయింటర్ పట్టుకుని ఆగేలా చేసింది. ఎడమ తెరలో కుడివైపు పైన ఉన్న క్లోజ్ గుర్తు నొక్కబోయిన ఒకతను, పాయింటర్ అక్కడ తట్టుకుని చార్మ్స్ బయటికి రావడంతో మౌస్ పాడైందని కొత్త మౌస్ అడిగాడు. కొత్త మౌస్ ఇచ్చాం కూడా. దూరంగా ఉన్న మెషిన్ తెరని చూపించే రిమోట్ డెస్క్‌టాప్‌ని చిన్న కిటికీలో తెరిచి పనిచేసేవాళ్లకి ఇంకా కష్టం, ఆ కిటికీకి అంచు గోడ ఉండదు. సర్వర్ల కోసం వచ్చిన విండోస్ సర్వర్ 2012లో కూడా ఇదే ముఖం పెట్టారు. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లి, మూల కోసం పాయింటర్‌ని అటూ ఇటూ జరుపుతూ నేను పోగొట్టుకున్న నిమిషాలు చాలానే ఉన్నాయి.

పైగా మూలని అందుకోవడం ఎంత తేలికైనా, అక్కడ ఏదో ఉందని తెలిస్తేనే కదా మనిషి అటు వెళ్లేది. షట్‌డౌన్ చేయాలంటే పాయింటర్ కుడి మూలకి, అక్కడి నుంచి సెట్టింగ్స్, తర్వాత పవర్, తర్వాత షట్‌డౌన్. ఈ నాలుగింటిలో మొదటిదానికి తెర మీద గుర్తే లేదు. ఆ మేడం మర్చిపోయింది ఆ మొదటి మెట్టునే.

పీడీఎఫ్‌ల గొడవ కూడా ఈ కోవలోదే. మెయిల్‌లో వచ్చిన పీడీఎఫ్ నొక్కితే కొత్త రీడర్ యాప్‌లో తెర నిండా తెరుచుకునేది. మూయడానికి పైన క్లోజ్ గుర్తు లేదు. పై అంచు పట్టుకుని కిందిదాకా లాగాలి. ఇది ఎవరికీ తోచలేదు. సెర్చ్ సంగతి మరొకటి. ప్రింటర్ అని టైప్ చేస్తే ఫలితాలు యాప్స్, సెట్టింగ్స్, ఫైల్స్ అని మూడు అరల్లోకి విడిపోయేవి. మొదటి అర ఖాళీగా కనిపించేసరికి, అసలు ప్రింటరే ఇన్‌స్టాల్ కాలేదనుకుని మాకు ఫోన్ చేసేవారు. ఇక సెట్టింగ్స్ రెండు చోట్ల ఉండడం, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ రెండు రూపాల్లో ఉండడం అన్నవి అందరికీ తెలిసినవే.

నచ్చినవి లేవా అంటే, ఉన్నాయి. మెషిన్ త్వరగా ఆన్ అవుతోందని ఎనిమిది మందిలో ప్రతి ఒక్కరూ అన్నారు. పెద్ద ఫైళ్లు కాపీ అయ్యేటప్పుడు మధ్యలో ఆపి మళ్లీ నడిపించే వీలు ఆడిట్ టీమ్‌కి బాగా నచ్చింది. కొత్త టాస్క్ మేనేజర్ మాలాంటి సపోర్ట్ వాళ్లకి వరం. లోపల చేసిన పని నిజంగా మంచిది. ముఖం మీద కోపంలో అదంతా కొట్టుకుపోయింది.

ఎంచుకునే వీలు

కోపం గురించి ఒక మాట. ఎక్స్‌పీలో కొత్త స్టార్ట్ మెనూ నచ్చనివాళ్లకి క్లాసిక్ మెనూ అని ఒక సెట్టింగ్ ఉండేది. మా ఆఫీసులోనే కొందరు ఎక్స్‌పీ వాడినన్నాళ్లూ ఆ క్లాసిక్ మెనూతోనే పనిచేశారు. అంటే పాతది అట్టేపెట్టుకునే వీలు వాళ్లకి అలవాటైన విషయం. విండోస్ 8 విడుదలకి ముందు పరీక్ష కోసం ఇచ్చిన మొదటి డెవలపర్ ప్రివ్యూలో, 2011లో, విండోస్ లోపలి సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మారిస్తే పాత మెనూ తిరిగి వచ్చేది. తర్వాతి ప్రివ్యూలో ఆ దారి మూసేశారు. అది తెలిసినప్పుడు మా టీమ్‌లో చాలామందికి బాధ కలిగింది. ఇవ్వగలిగి కూడా ఇవ్వకపోవడం అది. పక్కన కూర్చున్న ఎనిమిది మందిలో నలుగురు దాదాపు ఒకేలా అన్నారు: "కొత్తది పెట్టుకోండి, పాతది ఎందుకు తీసేశారు?" వీళ్లని మార్పంటే భయపడేవాళ్లు అనడం అన్యాయం. కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ని ముందు ఏడాదే పెద్దగా ఇబ్బంది లేకుండా నేర్చుకున్నది కూడా వీళ్లే.

మేము చేసినవి

ముందు పీడీఎఫ్‌లు, ఫోటోలు డెస్క్‌టాప్ ప్రోగ్రాముల్లోనే తెరుచుకునేలా డిఫాల్ట్ మార్చాం. అరగంట పని. ఆ ఒక్క మార్పుతో ఫోన్లు సగానికి సగం తగ్గినట్టు అనిపించింది.

తర్వాత ప్రతి మెషిన్‌లోనూ టాస్క్‌బార్ మీద ఎర్రటి షట్‌డౌన్ ఐకాన్ పెట్టాం. షట్‌డౌన్ కమాండ్‌కి షార్ట్‌కట్, అంతే. రెండు రోజులకే కొత్త ఫిర్యాదు వచ్చింది, పొద్దున మెషిన్ ఆన్ అవడం నెమ్మదించిందని. వాళ్లు చెప్పింది నిజం. విండోస్ 8లో మామూలు షట్‌డౌన్ అంటే సిస్టమ్ లోపలి భాగాన్ని డిస్క్ మీద దాచిపెట్టి ఆగడం, అందుకే అంత వేగంగా లేస్తుంది. కమాండ్‌తో ఆపితే అది పూర్తిగా ఆగిపోతుంది. ఆ కమాండ్‌కి హైబ్రిడ్ అనే స్విచ్ కలిపాక పాత వేగం తిరిగి వచ్చింది. తేడా పసిగట్టింది మేము కాదు, "కంప్యూటర్ గురించి మాకేం తెలుసు" అని ప్రతి మాటకీ ముందు అనేవాళ్లు.

మూడోది క్లాసిక్ షెల్. పాత తరహా స్టార్ట్ మెనూని తిరిగి ఇచ్చే ఉచిత ప్రోగ్రామ్. బయటి ప్రోగ్రామ్ పెడితే రేపు అప్‌డేట్లలో ఏమవుతుందోనని మా టీమ్‌లో వాదన జరిగింది. అందరికీ పెట్టేద్దామని కొందరు, అసలు వద్దని కొందరు. నేను మూడో మాటకి పట్టుబట్టాను: ఎవరికి వారిని అడుగుదాం. మూడొంతుల్లో రెండొంతుల కంటే ఎక్కువమంది కావాలన్నారు. వద్దన్నవాళ్లలో ఆ సీనియర్ అకౌంటెంట్ ఉండడం నేను ఊహించలేదు. కాలిక్యులేటర్‌తో పాటు మరో ఆరు ప్రోగ్రాములు పిన్ చేయించుకుని, ఇక ఆ టైల్స్ దగ్గరికే వెళ్లనవసరం లేదన్నారు. ఆయన సమస్యకి ఆయనే సరిపడా మందు కనుక్కున్నారు. అడగకుండా పెట్టి ఉంటే ఆ సంగతి నాకు తెలిసేది కాదు.

ఏప్రిల్ చివరికి లాగ్‌లు మళ్లీ చూశాం. ఆ 11 మెషిన్లలో ఈవెంట్ 41 ఆగిపోయింది.

తర్వాతి రెండేళ్లు

సినోఫ్‌స్కీ 2012 నవంబర్‌లోనే కంపెనీ వదిలి వెళ్లిపోయాడు. 2013 అక్టోబర్ 17న 8.1 వచ్చింది. స్టార్ట్ బటన్ తిరిగి వస్తోందని విని మా ఆఫీసులో అందరూ సంతోషపడ్డారు. వచ్చాక నొక్కి చూస్తే మళ్లీ అవే టైల్స్. తలుపు పెట్టారు కానీ గది మార్చలేదు. అయినా 8.1లో నేరుగా డెస్క్‌టాప్‌కి వెళ్లే సెట్టింగ్, పై మూలలని ఆపేసే సెట్టింగ్, మూడు అరలు కలిసిపోయిన సెర్చ్ వచ్చాయి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేస్తే షట్‌డౌన్ కూడా దొరికింది. 2014 ఏప్రిల్ 8న, ఎక్స్‌పీ సపోర్ట్ ముగిసిన రోజే, మరో అప్‌డేట్ వచ్చి కొత్త యాప్‌లకి పైన క్లోజ్ గుర్తు, స్టార్ట్ తెర మీద పవర్ బటన్ ఇచ్చింది. నా నోట్‌బుక్‌లో చేతులు ఆగిపోయిన చోట్ల జాబితా ఒకటి ఉండేది. ఈ రెండు అప్‌డేట్లలో దాదాపు ప్రతి లైనూ కొట్టేశాను, ఒక్కటి తప్ప. తెర మొత్తం లాగేసుకోవడం అలాగే ఉంది. అది 2015 జూలై 29న విండోస్ 10తో పోయింది. టైల్స్ ఉన్నాయి, కానీ మూలన లేచే మెనూ లోపల ఉన్నాయి, వెనక పని కనబడుతూనే ఉంది.

ఆ ఆఫీసుని విండోస్ 10కి మార్చేటప్పుడు ముందు ఎనిమిది మందికి ఇచ్చి, వారం పాటు పక్కన కూర్చున్నాం. ఫారం వేయలేదు. పవర్ బటన్ స్టార్ట్ మెనూలోనే ఉంది కాబట్టి, టాస్క్‌బార్ మీది ఎర్ర ఐకాన్ తీసేయమంటారా అని మేడంని అడిగాను.

"ఉండనివ్వండి. అది నాకు కనబడుతూ ఉంటుంది" అన్నారు.

అందరికీ ఉంచేశాం. ఆమె రిటైరయ్యారు, మెషిన్లు మారాయి, ఇప్పుడక్కడ విండోస్ 11 నడుస్తోంది. కొత్త మెషిన్ సిద్ధం చేసే మా చెక్‌లిస్ట్‌లో ఆ ఐకాన్ ఇప్పటికీ నాలుగో లైను.